స్టాన్లీ కప్పులు మూడు: ఆటగాళ్లు ఎత్తేది అసలుదా, నకలా?

స్కార్‌బరో శీను:
పోయిన శనివారం మా మామగారిని టొరంటోలో ఐస్ హాకీ మ్యూజియం, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్లాను. 1885 నాటి బ్యాంకు భవనం అది. ఆ బ్యాంకు లాకర్ గదిలోనే, 1892లో అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ కొనిచ్చిన వెండి గిన్నె పెట్టారు. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పుకి అదే మొదలు. ఎత్తు పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లే, మనింట్లో పాయసం గిన్నెంత. బయట హాల్లో దాదాపు మూడడుగుల కప్పు. ఆయన రెండూ చూసి, "మరి టీవీలో ఎత్తేది ఏది బాబూ?" అన్నారు. గదిలోది అసలుది, ఎత్తేది 1963లో చేయించిన నకలు అని చెప్పాను. కాదనేవాళ్లు కాదనండి.

డల్లాస్ బాబాయ్:
కాదంటాను. గిన్నె పలచబడి పెళుసు బారిందని అప్పటి లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ మాంట్రియల్ వెండి పనివాడు కార్ల్ పీటర్సన్ చేత గుట్టుగా కొత్తది చేయించాడు. దాన్ని నకలంటే 1999లో మా డల్లాస్ జట్టు స్టార్స్ గెలిచింది కూడా నకలేనా? గుడిలో మూలవిరాట్ కదలదు, ఊరేగింపుకి ఉత్సవమూర్తి వస్తాడు. మాడవీధిలో మలయప్పస్వామి వస్తుంటే నకలని ఎవరైనా దండం పెట్టడం మానేస్తారా?

వినిపెగ్ వదిన:
బాబాయ్ గారూ, పోలిక బాగుంది గానీ మూలవిరాట్‌ని ఎవరూ కాలువలోకి తన్నలేదు! 1905లో ఒట్టావా ఆటగాళ్లు ఈ గిన్నెని రిడో కాలువ మంచు మీదికి తన్నారని ఇక్కడ కథలుగా చెప్పుకుంటారు. 1924లో మాంట్రియల్ కెనడియన్స్ జట్టువాళ్లు టైరు మార్చుకుంటూ రోడ్డు పక్కన మర్చిపోయి, మళ్లీ వెనక్కి పరుగెత్తారట. అన్ని దెబ్బలు తిన్నది కాబట్టే నా ఓటు దానికి. పైగా 1907లో మాంట్రియల్ వాండరర్స్ తమ పేర్లు ఆ గిన్నె లోపలే చెక్కించుకున్నారు.

కాల్గరీ కుర్రోడు:
మీ ముగ్గురూ గిన్నె దగ్గరే ఆగిపోయారు. కప్పంటే పేర్లు కదా. గిన్నె కింద గెలిచినవాళ్ల పేర్లు చెక్కే ఐదు పట్టీలుంటాయి, పట్టీకి పదమూడు జట్లు. ఆఖరిది నిండితే పైదాన్ని విప్పి, మిగతావి జరిపి, కింద కొత్తది వేస్తారు. 2018లో అలా విప్పిన పట్టీతో గోర్డీ హావ్, మొరీస్ రిచర్డ్ లాంటి పాతతరం మేటి ఆటగాళ్ల పేర్లు కూడా కప్పు దిగిపోయాయి. గిన్నె మారింది, పేర్లూ మారుతున్నాయి. ఇంకా ఏది అసలు?

డల్లాస్ బాబాయ్:
దిగిన పట్టీలు పారేయరయ్యా, ఆ లాకర్ గదిలోనే చూపిస్తారు. పేర్లంటావా, వాటిలో ఎన్ని తప్పులో! 1972లో బోస్టన్‌కి రెండు ఓ అక్షరాల బదులు రెండు క్యూలు పడ్డాయి. 1981లో న్యూయార్క్ జట్టు ఐలాండర్స్ పేరులో ఎస్ ఎగిరిపోయింది. 1984లో ఎడ్మంటన్ జట్టు యజమాని పాక్లింగ్‌టన్ ఆటతో సంబంధం లేని తన తండ్రి పేరు చెక్కిస్తే, లీగ్ దాని మీద పదహారు ఎక్స్‌లు కొట్టించింది. మా ఊళ్లో పాత దస్తావేజుల కొట్టివేతలే గుర్తొస్తాయి. కొట్టివేతలున్న కాగితాన్నే కదా అసలుదని నమ్ముతాం?

వినిపెగ్ వదిన:
దస్తావేజు మాట మీరే ఎత్తారు. స్టాన్లీ ఇచ్చింది కెనడాలో అమెచ్యూర్ జట్లకి, ఎవరైనా వచ్చి సవాలు చేసుకునేలా. 1926 తర్వాత అది ఒక్క లీగ్ గూటికే చేరింది. 2005లో జీతాల గొడవతో ఆట లేకపోతే, "సీజన్ ఆడలేదు" అని చెక్కారే గానీ వేరేవాళ్లకి ఇవ్వలేదు. కొందరు కోర్టుకెక్కారు. ఇకపై లీగ్ ఆడని ఏడాది వేరే జట్టుకిచ్చే వీలు కప్పు బాధ్యత చూసే ట్రస్టీలకుందని 2006లో ఒప్పుకోక తప్పలేదు. కొత్తది మీ లీగ్‌దైతే అవ్వనివ్వండి, గిన్నె మాత్రం అందరిదీ.

స్కార్‌బరో శీను:
ఇది నాకు తట్టలేదు వదినా. నేను లోహం లెక్క చూశాను, మీరు హక్కు లెక్క చూశారు. అయినా కుర్రోడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.
ఇంకో సంగతి మరిచాను. ఊరేగేది ఊరేగుతున్నప్పుడు హాల్లో ఉంచడానికి 1993లో మూడోది చేయించారు. మేం వెళ్లిన రోజు హాల్లో ఉన్నది ఏదో అడగలేదు. మా మామగారు దాని పక్కనే నిలబడి ఫొటో దిగి, ఊళ్లో అందరికీ వాట్సాప్‌లో పంపేశారు.

డల్లాస్ బాబాయ్:
ఆయనకి చెప్పకు.