తిత్లీ తర్వాత మా మేనల్లుడు: మళ్లీ కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లాలా?

పర్లాకిమిడి మేనత్త:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా అన్నయ్య వాళ్ల మట్టిగోడ కూలి మా అమ్మ పోయింది. ఆవిడ పక్కన పడుకున్న మా మేనల్లుడు బయటపడ్డాడు. అప్పుడు వాడికి పదేళ్లు. ఇప్పుడు మా ఇంట్లో ఉండి ప్లస్ టూ చదువుతున్నాడు.

మామూలు రోజుల్లో బాగానే ఉంటాడు. వాన గట్టిగా పట్టిందంటే మనిషే మారిపోతాడు. మాది స్లాబు ఇల్లే, అయినా చెమ్మ ఎక్కిందేమోనని అరచేత్తో గోడంతా తడిమి చూస్తాడు. సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో చుట్టి తలగడ కింద పెట్టుకుని, చెప్పులు వేసుకునే పడుకుంటాడు.

ఈమధ్య తెలిసినవాళ్లు చెబితే ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. మొదటి రోజే నన్నూ మా ఆయన్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఆ రాత్రి జరిగిందంతా చెప్పమన్నారు. లోపలున్నది కక్కేస్తే తేలికైపోతుందట. వాడు సగం చెప్పి ఆగిపోయాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి నాతో కూడా ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. కౌన్సెలింగ్ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. మా అత్తగారేమో తాయెత్తు కట్టిద్దామంటున్నారు. మళ్లీ తీసుకెళ్లాలా, వదిలేయాలా?

రాయగడ టీచరు:
వదిలేయకండమ్మా. పెద్దయితే అదే పోతుందని మా స్కూల్లోనూ కొందరు పిల్లల విషయంలో ఊరుకున్నారు, పోలేదు. తాయెత్తు గురించి అత్తగారితో గొడవెందుకు, కట్టించనివ్వండి. డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.

బరంపురం కౌన్సెలర్:
అమ్మా, నేను ఈ పనిలోనే ఉన్నాను. చదివి చాలా బాధేసింది. మీ అబ్బాయిది మొండితనం కాదు, తనని తాను కాపాడుకుంటున్నాడు.

ఒక్క సిట్టింగులో అంతా చెప్పించేయాలన్న పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల మేలు లేదనీ, కొందరికి కీడే జరుగుతోందనీ తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంది. 2011లో ఆ సంస్థ తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడులో ముఖ్యమైనవి మూడే పనులు: చూడటం, వినడం, కావలసిన సాయం దగ్గరికి చేర్చడం. జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దని అందులో స్పష్టంగా రాశారు.

ఇంకో మాట. పోయింది మీ అమ్మగారు. నానమ్మని లేపలేకపోయాననో, తానొక్కడే బయటికొచ్చాననో వాడి మనసులో ఉండి ఉండొచ్చు. బతికి బయటపడ్డవాళ్లలో ఈ తప్పుచేసిన భావం చాలా ఎక్కువగా చూస్తాం. అది ఆవిడ కూతురి ముందు ఎలా చెప్పగలడు? సగంలో ఎందుకు ఆగాడో ఒకసారి ఆలోచించండి.

అలాగని ఆ రాత్రి సంగతి ఎప్పటికీ ఎత్తకూడదని కాదు. ట్రామా, అంటే మనసుకి ఇలాంటి పెద్ద దెబ్బ తగిలినవాళ్ల కోసమే ఉన్న సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే మాటల చికిత్స) పద్ధతిలో ముందు నిద్ర, ఊపిరి, భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుందో నేర్పుతారు. ఆ తర్వాతే కొంచెం కొంచెంగా ఆ జ్ఞాపకం దగ్గరికి వెళతారు. ఎక్కడ ఆగాలో వాడే చెబుతాడు. పిల్లలకి సాధారణంగా 12 నుంచి 16 సార్లు పడుతుంది. పెంచేవాళ్లతోనూ విడిగా మాట్లాడతారు, కాబట్టి మీరూ వెళ్లాలి. ఈఎండీఆర్ అని, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే ఇంకో పద్ధతి ఉంది, అదీ పనిచేస్తుంది.

మన వైపు అక్టోబరు వచ్చిందంటే పెద్దవాళ్లకే గుండె దడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను, మరుసటి ఏడాది అదే తేదీకి హుద్‌హుద్, తర్వాత తిత్లీ. వాన రాత్రుల్లో "ఏం కాదు, పడుకో" అనకండి. చెప్పులు విప్పమనకండి. లైటు వేసి పక్కన కూర్చోండి. పాదాలు నేలకి ఆనించమని, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. ఆ చిన్న పని మనసుని ఆ రాత్రి నుంచి ఈ గదిలోకి తెస్తుంది.

పర్లాకిమిడి మేనత్త:
చదువుతుంటే ఏడుపాగలేదండీ. వాడు అలా అనుకుంటున్నాడేమోనని నాకు తట్టనే లేదు. నీ తప్పేం లేదురా అని నేనే చెప్పేయనా?

బరంపురం కౌన్సెలర్:
చెప్పండి. వాన లేని రోజు చూసి, ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా, చిక్కుళ్లు ఒలుస్తూనో బట్టలు మడతపెడుతూనో చెప్పండి. "నువ్వు బతికి బయటపడటమే నాకు దక్కిన భాగ్యం, నిన్ను నేనెప్పుడూ ఏమీ అనుకోలేదు." అంతే. బదులు కోసం చూడకండి, వెంటనే కౌన్సెలింగ్ మాట ఎత్తకండి.

వాడు సరే అన్నాక బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగంలో చూపించొచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లినా ట్రామా కేసులు చూస్తారా, అబ్బాయితో విడిగా మాట్లాడతారా అని ముందే అడగండి. వాడి విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, అడగడానికి మొహమాటపడొద్దు. ఈలోగా మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, ఏ వేళైనా ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుందని వాడి నోట ఒక్కసారి వచ్చినా ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పర్లాకిమిడి మేనత్త:
సరేనండీ. కాలేజీలో లెక్చరర్లకి చెప్పాలా?

బరంపురం కౌన్సెలర్:
వాడినే అడగండి. ఒప్పుకుంటే, వాన పడితే క్లాసు మధ్యలో బయటికి వెళ్లనివ్వమని ఒక్క లెక్చరర్‌కి చెబితే చాలు. కారణం చెప్పక్కర్లేదు.