విరిగిన విగ్రహాన్ని ఫోనులో పూర్తిచేసి చూపవచ్చా?

గోపురం నీడ: దెబ్బతిన్న విగ్రహం వైపు ఫోను పట్టుకుంటే కెమెరా దాని ఆకారాన్ని గుర్తుపట్టి, పోయిన చేతులను, రంగులను తెర మీద అమరుస్తుంది. ఇదే ఆగ్మెంటెడ్ రియాలిటీ. రాయిని ఎవరూ తాకరు. సిమెంటుతో చేసిన మరమ్మతు వికటిస్తే దిద్దుకోవడం కష్టం, ఇక్కడ మీట నొక్కితే మాయం. స్పెయిన్‌లోని తావుల్‌లో ఒక పాత చర్చి కుడ్యచిత్రాలను 1920 ప్రాంతంలో ఊడదీసి బార్సిలోనాకు తరలించారు. 2013 నుంచి ఆ గోడ మీదే వాటిని కాంతితో చూపుతున్నారు. ఇందులో అభ్యంతరం ఏమిటి?

పాతరాయి: తావుల్ సులువైన ఉదాహరణ అండీ. అసలు చిత్రం మ్యూజియంలో భద్రంగా ఉంది, దాన్ని చూసి నకలు దించారు. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ సంగతి చెప్పండి. 55, 38 మీటర్ల ఆ బుద్ధ విగ్రహాలను తాలిబన్లు 2001 మార్చిలో పేల్చేశారు. అయితే వాటి ముఖాలు అంతకు చాలాకాలం ముందే పోయాయి. ఏ బుద్ధుణ్ణి చూపుతారు? 2001 నాటి ముఖంలేని బుద్ధుణ్ణా, 7వ శతాబ్దంలో హ్యూయెన్‌త్సాంగ్ చూసిన బంగారు వన్నె బుద్ధుణ్ణా? రెండోదైతే ఆ ముఖం గ్రాఫిక్స్ కళాకారుడి సొంత కల్పన. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని పాత కట్టడాల పరిరక్షణకు నియమాలు పెట్టిన 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతోంది. తెరకు మినహాయింపు ఎందుకు?

గోపురం నీడ: మినహాయింపు అడగడం లేదు. ఆధారం ఉన్నదేదో, ఊహ ఏదో చూసేవారికి తెలియాలని 2009 నాటి లండన్ చార్టర్ కంప్యూటర్ నమూనాల గురించే చెప్పింది. ఊహించిన భాగాన్ని బూడిద రంగులో చూపితే సరిపోదా?

మధ్యేమార్గం: చార్టర్లు సరే, కావాలని చేసిన గాయం మాటేమిటి? నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ డోమ్ చర్చిలో ఒక శిల్పఫలకం ఉంది. 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలో విగ్రహభంజకులు అందులోని ముఖాలను చెక్కేశారు. ఫోను వాటిని తిరిగి అతికించిందంటే, అసలు చూడవలసినదాన్నే కప్పేసినట్టు. పూజలో ఉన్న విగ్రహమైతే మరీ చిక్కు. దాన్ని పూర్తిచేసి చూపాలో వద్దో మొక్కేవారిని అడగాలి, సాఫ్ట్‌వేర్ సంస్థను కాదు.

పాతరాయి: ఈ మాట నేను ముందే అనవలసింది. బూడిద రంగు కూడా నాకు చాలదు. తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి పంచుకున్నాక కింది వివరణ ఎవరు చదువుతారు? ఆ బొమ్మే అసలుదని పాకిపోతుంది.

గోపురం నీడ: ఆ భయం న్యాయమే. అయితే ఫోను తెరవగానే ఉన్నది ఉన్నట్టే కనిపించాలి, అడిగితేనే నమూనా రావాలి. ముఖంలేని బామియాన్ బుద్ధుడికైతే మీరు ఒప్పుకుంటారా?

పాతరాయి: ఒప్పుకుంటాను. 2001కి ముందు తీసిన ఫొటోలు ఉన్నాయి కదా. ముఖం పెడతానంటే మాత్రం నా ఓటు రాదు.