మెయింటెనెన్స్ నుంచి రిలయబిలిటీకి మార్చారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పరవాడ_మెకానికల్:
అందరికీ నమస్కారం. ఏడేళ్లు మెకానికల్ మెయింటెనెన్స్‌లో చేశాను. రెండు నెలల క్రితం మా కెమికల్ ప్లాంటులో నన్ను రిలయబిలిటీకి (యంత్రాలు పదేపదే పోకుండా మూలకారణం వెతికే పని) మార్చారు. ఇంతకుముందు ఈ పోస్టే లేదు, కాబట్టి అడిగి తెలుసుకోవడానికి సీనియర్ ఎవరూ లేరు. పాత షాపులో వాళ్లు "ఇప్పుడు నీ పనేంటి?" అని అడిగితే చెప్పలేకపోతున్నాను.

అసలు సమస్య ఇది. కూలింగ్ వాటర్ పంపు, 110 కిలోవాట్లు, 1480 ఆర్‌పీఎం. పంపుకి కప్లింగ్ (మోటారునీ పంపునీ కలిపే భాగం) వైపు బాల్ బేరింగ్ 14 నెలల్లో అయిదుసార్లు పోయింది. లాగ్ బుక్కులో అయిదుసార్లూ ఒకటే రాసి ఉంది: "బేరింగ్ ఫెయిల్, మార్చాం." అందులో రెండు నేను రాసినవే. వైబ్రేషన్ సెకనుకు 6.8 మిల్లీమీటర్లు ఉంది. స్టోర్స్ వాళ్లు డూప్లికేట్ బేరింగులు కొంటున్నారని మావాళ్ల అనుమానం. మేనేజరు గారేమో మూడు నెలలకోసారి పోకముందే మార్చేద్దాం, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు కాదో చెప్పలేకపోతున్నాను. సర్టిఫికేషన్ ఏదైనా చేయమంటారా?

సిమెంట్_సీనియర్:
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. పోయిన బేరింగులు ఉన్నాయా, స్క్రాపుకి వెళ్లిపోయాయా?

మా దగ్గర ఒక ఫ్యాన్ మోటారుకి ఇలాగే వరసగా పోతుంటే, నేనూ ఇద్దరు హెల్పర్లూ స్క్రాప్ యార్డంతా వెతికి మూడు పట్టుకొచ్చాం. కడిగి, బయటి రింగుని కోసి చూస్తే మూడింటిలోనూ బాల్స్ తిరిగే దారి మీద అడ్డంగా, దువ్వెన పళ్లలా సమదూరంలో గీతలు. అది కరెంటు చేసిన పని. మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టినప్పుడు, షాఫ్టులోని కరెంటుని భూమికి పంపే ఎర్తింగ్ బ్రష్ పెట్టలేదు. ఏడాదిపాటు బేరింగ్ కంపెనీని తిట్టాం, తప్పు మాది.

నీ పంపులో తిరిగేది లోపలి రింగు, కదలకుండా ఉండేది బయటి రింగు. అంతా సరిగ్గా ఉంటే లోపలి రింగు మీద చుట్టూ ఒకే వెడల్పులో బాల్స్ తిరిగిన జాడ ఉంటుంది. బయటి రింగు మీద లోడ్ పడే వైపే ఉంటుంది. బయటి రింగులో జాడ ఒక అంచు నుంచి రెండో అంచుకి ఏటవాలుగా పోతే, అది వంకరగా కూర్చుని తిరిగిందని అర్థం. రెండు రింగుల మీదా చుట్టూ వెడల్పాటి జాడ ఉంటే, ఫిట్ బిగుతై లోపల ఖాళీ మిగలలేదని అర్థం. లెక్క ప్రకారం బాల్ బేరింగు మీద లోడ్ రెండింతలైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కొద్దిపాటి వంకరే ఏళ్లు రావలసిన దాన్ని నెలల్లో తినేస్తుంది. డూప్లికేటా కాదా అన్నది కూడా చూడు, కానీ అదే మొదటి అనుమానం కాకూడదు.

జుబైల్_రొటేటింగ్:
పదకొండేళ్లుగా సౌదీలో రిఫైనరీ పంపుల మీదే ఉన్నాను. మీ మేనేజరు గారి మాటకి జవాబు విమానాల దగ్గర దొరుకుతుంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం ఒక నివేదిక రాశారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో గడువు పెట్టి మార్చడం వల్ల లాభం ఉండగలిగినవి 11 శాతమే. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన మొదట్లోనే ఎక్కువగా పోతాయి, ఆ తర్వాత నిలకడగా నడుస్తాయి. పంపు విమానం కాదు, ఆ అంకెలు మనకి అచ్చంగా వర్తించవు. కానీ విప్పి బిగించిన ప్రతిసారీ కొత్త తప్పుకి అవకాశం ఇస్తున్నామన్నది మనకీ వర్తిస్తుంది. మూడు నెలలకోసారి మారిస్తే ఆ వంకర అక్కడే ఉంటుంది, ఏడాదికి నాలుగుసార్లు దుమ్ములో హౌసింగ్ తెరుస్తారు.

ఇప్పుడు పని మాట. స్పెక్ట్రమ్‌లో (వైబ్రేషన్‌ని ఫ్రీక్వెన్సీలవారీగా చూపించే గ్రాఫులో) 49 హెర్ట్జ్ దగ్గర, అంటే పంపు తిరిగే వేగానికి రెండింతల దగ్గర, పీక్ ఉందా? ఉంటే అలైన్‌మెంట్ మీద, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయా అన్నదాని మీద, అనుమానం పెట్టుకోండి. అది ఒక్కటే రుజువు కాదు. పంపు ఆపి, ఐసొలేట్ చేసి (కరెంటు, లైన్లు వేరుచేసి), పర్మిట్ తీసుకుని, కప్లింగ్ మీద డయల్ గేజ్ పెట్టి సక్షన్ (నీళ్లు లోపలికొచ్చే వైపు), డిశ్చార్జ్ (బయటికెళ్లే వైపు) పైపులు పంపుకి కలిసే ఫ్లాంజుల బోల్టులు విప్పండి. ముల్లు 0.05 మిల్లీమీటర్ దాటి కదలకూడదు, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ఏపీఐ 686 చెప్పేది అంతే. దాటితే పైపు పంపుని లాగుతోందన్నమాట. అప్పుడు లేజర్‌తో ఎంత బాగా అలైన్ చేసినా ఫ్లాంజ్ బిగించగానే పోతుంది. ఒక్కో కాలు బోల్టు వదులు చేసి సాఫ్ట్ ఫుట్ (ఏదైనా కాలు బేస్ మీద సరిగ్గా ఆనకపోవడం) కూడా చూడండి.

సర్టిఫికేషన్ అంటే ఐఎస్ఓ 18436-2 వైబ్రేషన్ కేటగిరీ 2 పనికొస్తుంది. తొందరేమీ లేదు.

కంట్రోల్‌రూమ్_నుంచి:
నేను ప్రాసెస్ ఇంజనీర్‌ని. మీరెవరూ అడగని విషయం ఒకటి చెప్తాను. రాత్రి షిఫ్టులో లోడ్ తగ్గితే మేం డిశ్చార్జ్ వాల్వ్ సగానికి మూసేస్తాం. అలా పంపుని, అది రూపొందించిన ఫ్లో కంటే చాలా తక్కువలో గంటలకొద్దీ నడిపితే ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) మీద ఒకపక్క తోపు పడి షాఫ్ట్ వంగుతుందని నాకు మూడేళ్ల సర్వీసు తర్వాత తెలిసింది. చెప్పినవాళ్లు లేరు. అందరూ మెకానికల్ షాపులోనే వెతుకుతారు, మా ట్రెండ్లు (కంట్రోల్ రూమ్‌లో నమోదయ్యే రీడింగుల గ్రాఫులు) అడగరు. దయచేసి ఆ పంపు ఫ్లో, ప్రెషర్ ఆరు నెలలవి తీయించండి. తప్పు పట్టడానికి వచ్చారనుకోకుండా ముందే చెప్పి అడిగితే ప్రాసెస్ వాళ్లు ఇస్తారు.

గ్రీజు_గన్:
సార్, నేను కాంట్రాక్టు టెక్నీషియన్‌ని. పన్నెండేళ్లుగా గ్రీజు కొడుతున్నాను. ఎన్ని స్ట్రోకులు కొట్టాలో నాకు రాసిచ్చినవాళ్లు ఒక్కరే. మిగతా చోట్ల "నిండేదాకా కొట్టు" అనేవారు. నిండితే గ్రీజు లోపలే చిలికి వేడెక్కుతుందని ఆ ఒక్కరే దగ్గరుండి చూపించారు. లిథియం గ్రీజున్న మోటారులో పాలియూరియా రకం గ్రీజు కొడితే రెండూ కలిసి కారిపోవచ్చు. మా దగ్గర డబ్బాల రంగు చూసి కొట్టేవాళ్లం. మీరు ఒకరోజు గ్రీజు రౌండుకి మాతో రండి. ఆఫీసులో కనపడనివి చాలా కనపడతాయి.

పరవాడ_మెకానికల్:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు.

పాత బేరింగులు రెండు దొరికాయి. కోసి చూశాను. రెండింటిలోనూ బయటి రింగు మీద జాడ ఏటవాలుగానే ఉంది. రెండూ అసలు కంపెనీవే, స్టోర్స్ వాళ్లని అనవసరంగా అన్నాం. 49 హెర్ట్జ్ పీక్ కూడా ఉంది. నిన్న స్టాండ్‌బై పంపు నడుపుకుని దీని ఫ్లాంజులు విప్పాం. సక్షన్ వైపు ఆఖరి బోల్టు తీయగానే ముల్లు 0.32 కదిలింది. పక్కన నిలబడ్డ మా ఫిట్టర్ "అమ్మో" అన్నాడు. సక్షన్ పైపు కింద సపోర్టు కుంగిపోయింది. పైపు బరువంతా పంపు ముక్కు మీదే ఉంది. కంట్రోల్‌రూమ్ గారు చెప్పినట్టు ట్రెండ్లూ చూశాను. రాత్రుళ్లు ఫ్లో తగ్గుతోంది గానీ మరీ అంత కాదు.

సపోర్టు మార్చి, పైపు ముక్క కోసి మళ్లీ వెల్డ్ చేయాలి. దానికి షట్‌డౌన్ కావాలి. ఇంకా మూడు వారాలుంది. అందాకా? మేనేజరు గారిని ఒప్పించడం ఎలా?

జుబైల్_రొటేటింగ్:
అందాకా స్టాండ్‌బైనే నడపండి. దీన్ని అత్యవసరానికే ఉంచి, వారానికోసారి షాఫ్ట్ చేత్తో ఒకటిన్నర చుట్టు తిప్పండి. ఆగి ఉన్న బేరింగులో బాల్స్ ఒకేచోట నిలబడి, పక్క పంపు అదురుకి అక్కడే గుంటలు పడతాయి.

సిమెంట్_సీనియర్:
మేనేజరు గారికి స్పెక్ట్రమ్ చూపించకు. అయిదుసార్లలో ఒక్కోసారి ఎన్ని గంటలు పంపు ఆగింది, ప్రొడక్షన్ ఎంత తగ్గించారు, ఓవర్‌టైమ్ ఎంతైంది, ఇవి అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల అంకెలతోనే రాయి. నువ్వే లెక్క వేసి తీసుకెళ్తే నమ్మరు. కోసిన రింగు కూడా టేబుల్ మీద పెట్టు. ఏటవాలు జాడ చూడ్డానికి ఇంజనీరు కానక్కర్లేదు.

పరవాడ_మెకానికల్:
అలాగే చేశానన్నా. షట్‌డౌన్ లిస్టులో చేర్చారు. రీడింగులు అప్పుడు పెడతాను.

ఇంకొకటి. నిన్న సాయంత్రం మా ఫిట్టర్ వేరే పంపులోంచి తీసిన బేరింగుని గుడ్డలో చుట్టి, పంపు నంబరూ తేదీ రాసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. నేను అడగలేదు. దాన్ని రేపు కోసి చూస్తాను.