ఎంబీఏలో హెచ్ఆరా, మార్కెటింగా? మొదటి రెండేళ్లు అసలేం పని చేయిస్తారు?

బీకాం_నరసరావుపేట
అన్నలకు, అక్కలకు నమస్కారం. బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. ఐసెట్ రాశాను, ర్యాంకు ఓ మోస్తరు. వారంలో వెబ్ ఆప్షన్లు పెట్టాలి.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాన్నకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. లైసెన్సు కోసం ఈ వయసులో ఏడాదిపాటు డేసి డిప్లొమా చేశారు. ఆ కోర్సు నడిపేది హైదరాబాద్‌లోని ‘మేనేజ్’ సంస్థ కాబట్టి ఇంట్లో మొదటి మేనేజ్‌మెంట్ చదువు తనదేనని ఆయన జోకు. సాయంత్రాలు బిల్లింగ్ నేను చూస్తాను.

అమ్మ హెచ్ఆర్ తీసుకోమంటోంది, ఏసీ రూములో కూర్చునే ఉద్యోగమని. మార్కెటింగ్ అంటే ఎండలో తిరగడం, టార్గెట్ల టెన్షన్ అని సీనియర్లు భయపెడుతున్నారు. ఫైనాన్స్ ఊసే ఎవరూ ఎత్తడం లేదు. జీతాల సంగతి తర్వాత. పొద్దున తొమ్మిదికి వెళ్లి మీరు చేసే పనేంటో చెప్తారా?

పేరోల్_అక్క
హెచ్ఆర్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఏసీ రూము నిజమే. మొదటి ఏడాదంతా అందులో కూర్చుని ఫోన్లు చేశాను. కన్సల్టెన్సీలో రిక్రూటర్ పని, రోజుకు 60, 70 కాల్స్. నోటీస్ పీరియడ్ ఎంత, ఇప్పుడెంత వస్తోంది, ఎంత కావాలి. అన్నిటికీ సరేనన్నవాడు చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తడు. నెలకు ఇంతమందిని చేర్పించాలని మాకూ టార్గెట్ ఉండేది. ఇది మీ అమ్మగారికి తప్పకుండా చెప్పు.

విసుగెత్తి ఒక ఫ్యాక్టరీలో పేరోల్‌కి, అంటే జీతాల లెక్కలకు మారాను. పీఎఫ్, ఈఎస్ఐ ప్రతి నెలా 15వ తేదీలోపు కట్టాలి. ఓటీ (ఓవర్‌టైమ్) లెక్కలో గంట తేడా వచ్చినా మనిషి నేరుగా నా టేబుల్ దగ్గరికే వస్తాడు. నేను పని నేర్చుకుంది అక్కడే. బీకాం వాళ్లకు ఆ వైపు సులువు.

మిర్చి_ఏరియా_మేనేజర్
చెల్లీ, నాదీ మీ నాన్నగారి లైనే, కౌంటరుకు ఇవతలి వైపు. పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్‌లో చేరి ఏరియా మేనేజర్‌నయ్యాను. ఇంకో పది పెట్టెలు దించుకోండి సార్ అని మీ షాపులో బతిమాలే మనిషి ఒకడుంటాడు కదా, నేను అదే.

మా పనిలో మూడు మాటలు: ప్లేస్‌మెంట్, లిక్విడేషన్, కలెక్షన్. డీలరుకు సరుకు ఎక్కించడం, అది రైతుకు అమ్ముడయ్యేలా చూడటం, డబ్బు వసూలు చేయడం. కొత్తగా చేరినవాడికి మొదటిదే కనిపిస్తుంది, ఇన్సెంటివ్ దానిమీదే వస్తుంది కాబట్టి. నాకూ అంతే. 2021లో వద్దంటున్న డీలరుకు తెగుళ్ల మందు అదనంగా ఎక్కించి ఇన్సెంటివ్ తీసుకున్నాను. ఆ సీజన్లోనే మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది. పూతలో చేరి కాపు లేకుండా చేసింది. మొదట రైతులు కనిపించిన మందల్లా అప్పు మీద కొట్టారు. ఏదీ పనిచేయక చివరికి తోటలు పీకేశారు. తోటే లేనివాడు మందెందుకు కొంటాడు? రైతు డీలరుకు ఇవ్వలేదు, డీలరు నాకు ఇవ్వలేదు. మార్చి 31కి కలెక్షన్ చూపించమని పైనుంచి ఫోన్లు. నేను ఎక్కించిన పెట్టెల్లో సగం ఫిబ్రవరిలో వెనక్కొచ్చాయి, ఇచ్చిన ఇన్సెంటివ్ కోసేశారు. ఎంబీఏలో బట్టీపట్టిన వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో తిరగాల్సిన డబ్బు, ఆ రోజు, వినుకొండ రోడ్డులో ఓ గోడౌన్ ముందు లారీ దించుతుంటే అర్థమైంది.

ఫీల్డ్‌లో ఆడపిల్లలు తక్కువే, అబద్ధం చెప్పను. కానీ మా బ్రాంచిలో డీలర్ల క్రెడిట్ లిమిట్ చూసేది ఒక అమ్మాయి, ఎంబీఏ ఫైనాన్స్. ఆవిడ ఊ అంటేగానీ నా బిల్లు పడదు. ఎవరికి ఎంత అప్పివ్వచ్చు, ఎవరు ఎన్ని రోజులకు కడతారు అన్నదే ఆవిడ ఉద్యోగం. నువ్వు సాయంత్రాలు చూస్తున్నది అదే కదా? మీ నాన్నగారి పద్దుల్లో ఒక సీజన్ బాకీలు తీసుకుని ఎక్సెల్‌లో పెట్టు. ఎవరివి 30 రోజులు, ఎవరివి 90, ఎవరివి ఏడాది దాటాయో. ఆ పని నచ్చిందో లేదో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ పనికొస్తుంది, కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు కంటే మేలు.

ఫైనలియర్_ఎంబీఏ
చిన్న మాట. వెబ్ ఆప్షన్లలో ఎంచుకునేది కాలేజీని. స్పెషలైజేషన్ మాకైతే రెండో ఏడాదిలో వచ్చింది. కాబట్టి ఇప్పుడు చూడాల్సింది, రెండో ఏడాదిలో ఫైనాన్స్ నిజంగా చెప్తారా అన్నది. ముగ్గురే ఆ ఎలక్టివ్ అడిగారని మా దగ్గర తీసేసి, అందరినీ హెచ్ఆర్‌లో కూర్చోబెట్టారు. వెళ్లి స్టూడెంట్లను అడుగు, ఆఫీసులో కాదు.

బీకాం_నరసరావుపేట
థాంక్స్ అన్నా, అక్కా. కాలేజీ సంగతి నాకు తెలియదు, రేపు గుంటూరు వెళ్లి రెండు చోట్ల కనుక్కుంటాను.

రాత్రి బాకీలు అడిగితే నాన్న ఏమీ అనకుండా అటక మీదినుంచి 2021 పుస్తకం దించారు. మా ఊళ్లో, పక్క ఊళ్లో కలిపి 23 పేర్లు ఇంకా కొట్టేయలేదు. అందులో మా మేనమామ పేరు కూడా ఉంది. దాన్ని ఎక్సెల్‌లో ఏ కాలమ్‌లో పెట్టాలి అన్నా?