డేగా, గద్దా? మామిడితోటలో కనబడ్డ పిట్ట పేరు

ప్రశ్న: ఆగస్టులో నూజివీడు దగ్గర మా మామిడితోటలో తీసిన ఫోటో ఇది. పిట్ట పావురమంత ఉంది. వీపు గోధుమరంగు, రొమ్ము మీద అదే రంగు చుక్కలు నిలువుగా కారినట్టున్నాయి, కళ్ళు పసుపు. కాళ్ళ కింద తొండ. తోట కాపలాదారు ‘గద్దపిల్ల’ అన్నాడు, నాన్నగారు ‘డేగ’ అన్నారు. రెండూ ఒకటే కదండీ?

జవాబు: ఒకటి కాదండీ, నాన్నగారు చెప్పిందే సరి. గద్ద దీనికి రెండింతలుంటుంది, తోక చివర చీలి ఉంటుంది, రెక్కలు చాపి గంటల తరబడి ఆకాశంలో చక్కర్లు కొడుతుంది. డేగ కొమ్మల మాటున కదలకుండా కూర్చుని చూసి చూసి ఒక్కసారిగా మీదపడుతుంది. మన నుడికారంలో ఈ తేడా భద్రంగా ఉంది. తన్నుకుపోవడం గద్దకు చెప్తాం, కన్ను డేగకు చెప్తాం. ‘డేగ కన్ను వేశాడు’ అంటాం కానీ ‘గద్ద కన్ను’ అని అంతగా వినబడదు.

ఇక మీ పిట్ట షిక్రా. తెలుగులో జాలె డేగ. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1862లో అచ్చయిన తన పక్షుల పుస్తకంలో ‘జాలి డేగ’ అనే తెలుగు పేరు ఎక్కించాడు. పెద్ద మగదైతే వీపు బూడిదరంగు, కళ్ళు ఎరుపు, రొమ్ము మీద ఇటుకరంగు గీతలు సన్నగా, అడ్డంగా. మీరు తీసింది ఈ వేసవిలో గూడు వదిలిన పిల్ల, అందుకే చుక్కలు నిలువుగా ఉన్నాయి. ఇక్కడే చాలామంది వేరే పక్షి అనుకుంటారు.

దీన్ని పోలినవి ఇంకో రెండు డేగలున్నాయి. ఒకటి చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చేది, ఆగస్టులో మీ తోటలో ఉండదు. రెండోది బెస్రా. అది కొండల్లోని దట్టమైన అడవి వదలదు, గొంతు మీద నల్లచార కూడా బాగా లావుగా ఉంటుంది. కోయిల జాతిలోనూ అచ్చం డేగ వేషంలో ఉండేదొకటుంది కానీ దాని ముక్కు కొంకి తిరగదు, కాళ్ళకు తొండను అదిమిపట్టే గోళ్ళుండవు. మీ ఫోటోలో తొండ తోక వేళ్ళ సందులోంచి వేలాడుతోంది చూడండి, ఆ ఒక్కటీ చాలు.

ఇంకొకరు: మా భీమవరం వైపు డేగ అంటే ముందు గుర్తొచ్చేది కోడిపుంజేనండీ! ఎర్ర ఈకలది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ.

జవాబు: అవునండీ, పందెం కోళ్ళలో అది రంగు పేరు, మరి కాకి డేగ అని రెండూ కలిసినదీ ఉంది. కన్నడంలోనూ వేటపక్షిని డేగె అనే అంటారు. వేటకు పెంచే డేగకు మనకున్న మరో పాత మాట సాళువం. 1485లో విజయనగర గద్దెనెక్కిన సాళువ నరసింహరాయల వంశం పేరులో ఉన్నది ఆ మాటే. జాలె డేగను కూడా మన దేశంలో మచ్చిక చేసి పూరేడు పిట్టల మీదికి వదిలేవారు.

ప్రశ్న అడిగినవారు: నాన్నగారికి చదివి వినిపించానండీ. ఫోటో కింద ‘జాలె డేగ పిల్ల, నూజివీడు’ అని రాయించారు.