ఆరు గొట్టాల పాత పిస్తోలు: పనికిరాదని ధ్రువపత్రం ఎవరిస్తారు?

గత మార్చిలో మా తాతగారి ఇనప్పెట్టెలో ఒక పెప్పర్‌బాక్స్ పిస్తోలు దొరికింది. ఆరు గొట్టాలు గుత్తిగా ఉంటాయి. ట్రిగ్గర్ లాగినప్పుడల్లా గుత్తి తిరిగి తర్వాతి గొట్టం సుత్తి కిందికి రావాలి. దీనికి తూటాలు పట్టవు. ఒక్కో గొట్టంలో మందూ గుండూ మూతివైపు నుంచి దట్టించి, వెనక ఉన్న మొనకు, సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ తొడగాలి. మా పిస్తోలులో రెండు మొనలు విరిగాయి, లోపలి స్ప్రింగు లేదు, గొట్టాలన్నీ తుప్పుతో పూడిపోయాయి. పిడిమీది వెండి పువ్వు మాత్రం ఇంకా మెరుస్తోంది.

మర్నాడే పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాము. మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధాల చట్టం 45(సి) సెక్షను మినహాయింపు ఇస్తుంది. ఆ సెక్షను చూపి, పిస్తోలు తిరిగి ఇవ్వమని రెండు అర్జీలు పెట్టాను. పనికిరాదని ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆయుధాల దుకాణం వారు రాసిచ్చిన కాగితం చెల్లదన్నారు. ఎవరి దగ్గర తేవాలో మాత్రం చెప్పలేదు. ఇంటి జ్ఞాపకం తుక్కులో కలిసిపోతుందేమోనని బెంగగా ఉంది.

ఇలాంటి ధ్రువపత్రం పొందినవారు మీలో ఉంటే, ఏ అధికారికి దరఖాస్తు చేశారో దయచేసి చెప్పగలరా?