బ్యాంకు లేఖలో ఆరు నెలల సగటు నిల్వ లేకపోతే ఎలా?

కెనడాలో శాశ్వత నివాసానికి నైపుణ్యం ఉన్నవారిని ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, దరఖాస్తు చేసుకోమని నాకు ఆహ్వానం వచ్చింది. దరఖాస్తు పంపడానికి ఇచ్చిన 60 రోజుల్లో సగం అప్పుడే గడిచిపోయాయి. మిగతా పత్రాలన్నీ సిద్ధం, నిధుల రుజువు (అక్కడ స్థిరపడడానికి సరిపడా డబ్బు ఉందని చూపే పత్రం) దగ్గరే బండి ఆగింది.

బ్యాంకు లేఖలో ఖాతా సంఖ్యలు, ప్రతి ఖాతా తెరిచిన తేదీ, ప్రస్తుత నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ, అప్పుల వివరాలు ఉండాలని నిబంధన. మా శాఖవారేమో కంప్యూటర్‌లో వచ్చే నమూనా తప్ప ఇంకేమీ రాసివ్వలేమంటున్నారు. అందులో ప్రస్తుత నిల్వ ఒక్కటే ఉంటుంది. మూడుసార్లు తిరిగాను. చివరిసారి నన్ను చూడగానే మేనేజరు గారు ఫోను ఎత్తుకున్నారు! సగటు నేనే లెక్కగట్టి, ఆరు నెలల స్టేట్‌మెంట్లపై బ్యాంకు ముద్ర వేయించి, వివరణ లేఖతో జతచేస్తే కెనడా అధికారులు ఒప్పుకుంటారా? అలా గట్టెక్కినవారు ఎవరైనా ఉన్నారా?

ఇంకో చిక్కు. రెండు నెలల క్రితం మా నాన్నగారు పెద్ద మొత్తమే నా ఖాతాలో వేశారు. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదని తెలుసు. ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వనవసరం లేదని ఆయన సంతకం చేసి ఇస్తే సరిపోతుందా, నోటరీ కూడా చేయించాలా? ఆయన ఖాతా స్టేట్‌మెంటు కూడా పెట్టాలా? సొంతంగా దరఖాస్తు చేసుకున్నవారు చెబితే మేలు. ఏజెంట్ల మాటలు ఇప్పటికే చాలా విన్నాను.